కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి

కంపున్‌కి చీకటంటే భయం లేదు. పగలంటేనే భయం పట్టుకుంది.

రబ్బరు తోటల్లో పనిచేసేవాళ్ళు లోకం పడుకున్న వేళకి లేస్తారు. నుదుటికి లైటు కట్టుకుని, వంపు కత్తితో చెట్టు చెట్టుకీ గాటు పెట్టుకుంటూ, కింద కట్టిన చిప్పలోకి పాలు జారడం చూసుకుంటూ పోతారు. ఆ తోటల్లో పాములున్నాయి, కందిరీగలున్నాయి, దారి తప్పిన కుక్కలున్నాయి. కంపున్ వాటన్నిటి మధ్యనుంచీ ఈల వేసుకుంటూ నడిచేవాడు. పొద్దెక్కాక ఇంటికొచ్చి, జిగురన్నం ముద్దని మిరపకాయ పచ్చడిలో అద్దుకుని తిని, స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద నీడలో వెదురు మంచం మీద వాలేవాడు. అసలు భయం అక్కడ మొదలయ్యేది.

ముందు చెవుల్లో రొద వచ్చేది. దూరంగా ఎవరో గడ్డి కోసే యంత్రం తిప్పుతున్నట్టుండేది. కళ్ళు తెరుచుకునే ఉండేవి. తలమీద ఇంటి నేల పలకలు, వాటి సందుల్లోంచి దిగే సన్నటి వెలుతురు, స్తంభానికి వేలాడే వల, అన్నీ కనిపించేవి. పెరట్లో భార్య బువలై కోళ్ళను అదిలించడం వినిపించేది. పిలుద్దామంటే గొంతు కదలదు. చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, కానీ అతని మాట వినదు. అప్పుడు ఛాతీ మీదికి బరువెక్కేది. బస్తా దించినట్టు ఒక్కసారిగా కాదు. మనిషి ఎక్కినట్టే, ముందు ఒక మోకాలు, ఆ తర్వాత రెండోది.

ఇదంతా తర్వాత అతనే చెప్పగా విన్నాం. అప్పట్లో అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పే రోజులు కావవి.

ఆ ఏడు వానలు పడకముందే ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు నిద్రలోనే పోయారు. మొదటివాడు సూత్ తాత కొడుకు, పెళ్ళి కుదిరిన కుర్రవాడు. రెండోవాడు కంపున్ పక్కింటి సేంగ్. ఇద్దరూ రాత్రి భోంచేసి పడుకున్నవాళ్ళే, పొద్దున లేవలేదు. మగతోడు కోసం తిరిగే విధవ దయ్యం ఊళ్ళోకొచ్చిందన్నారు. వారం తిరక్కుండా గేటు గేటుకీ ఎర్ర చొక్కాలు వేలాడాయి. "ఈ ఇంట్లో మగవాళ్ళు లేరు" అని అట్టముక్కల మీద రాసి కట్టారు. మగవాళ్ళు పడుకునేముందు భార్యలు కట్టుకునే పూల లుంగీలు చుట్టుకుని, గోళ్ళకు ఎర్రరంగు వేసుకుంటే దయ్యం ఆడవాళ్ళనుకుని వెళ్ళిపోతుందని పెద్దవాళ్ళు చెప్పారు. బువలై కంపున్ పది వేళ్ళకూ రంగేసింది, రెండు మణికట్లకూ రక్షగా తెల్లదారం కట్టింది.

రబ్బరు తూకం వేసేచోట అతన్ని చూసి వరసైనవాళ్ళు వదిలిపెట్టలేదు.

"ఏం మరదలా, గోళ్ళు మెరిసిపోతున్నాయి? పెళ్ళిచూపులా?"

"లుంగీ సరిపోయిందా, లేక నీ నడుముకి రెండు కలిపి కుట్టించావా?"

"నవ్వండి బావా, నవ్వండి" అన్నాడు కంపున్. "దయ్యానికి నేను నచ్చకపోతే తర్వాతి ఇల్లు మీదే."

అందరూ నవ్వారు. కానీ అలా నవ్విన ప్రతివాడి గోళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

గోళ్ళరంగుకి ఆ బరువు మోసపోలేదు. వారంలో ఒకసారి వచ్చేది రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం అది ఎప్పటికంటే గట్టిగా పట్టింది. ఊపిరి సగంలో ఆగిపోయింది. ఇక ఇంతే, సేంగ్ పోయినట్టే నేనూ పోతున్నాను అనుకున్నాడు. అంతలో ఎక్కడినుంచో ఒక్క కుదుపు వచ్చింది. పట్టు తెగి ఒళ్ళు వదులైంది. కళ్ళముందున్న నల్లటి ఆకారం మొహమైంది. పండిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు. సేంగ్ భార్య లమ్దువన్. ఇంటిమీద కాకులు లేచిపోయేలా కేక పెట్టాడు కంపున్. ఆ మొహం మాయమైంది.

బువలై పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి ఆమె బిడ్డ నొయ్ పేరుతోనే పిలుస్తుంది.

"ఏమైంది నొయ్ నాన్నా? ఏమైంది?"

"లమ్దువన్..." అన్నాడు, పళ్ళు కొట్టుకుంటుంటే. "లమ్దువన్ అక్క నా గుండెలమీద కూర్చుంది. కళ్ళతో చూశాను."

మంచం కాళ్ళవైపు నేలమీద వెదురు మొలకలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పక్కన ఓ బుట్ట బోర్లాపడి ఉంది. ఆ ఇంట్లో వాళ్ళెవరూ వాటిని తేలేదు. బువలై వాటిని చేత్తో ముట్టుకోలేదు. పారతో ఎత్తి, పెరటి మూల కుప్పేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టింది. పచ్చి మొలకలు కాలక పొగ చిమ్మాయి. ఆ పొగేమిటని అడిగిన మొదటి మనిషికి ఆమె సంగతంతా చెప్పింది. ఆ మొదటి మనిషి బొప్పాయి పచ్చడి దంచి అమ్మే ఆవిడ కావడంతో, సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది.

విధవ దయ్యమైతే ఎక్కడిదో, ఎవరిదో. దాన్ని చొక్కాలతో, రంగులతో బెదిరించి పంపవచ్చు. కానీ బతికున్న మనిషి మొహం కనిపిస్తే దానికి పేరు వేరు. అది పోప్. మనిషి ఒంట్లో కాపురముండి, పడుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి పేగులు కొరికే దయ్యం. పోప్ పట్టిన మనిషి తన కడుపులో ఏముందో తనకే తెలియకుండా అందరిలాగే సంతకెళ్తుంది, అన్నం వండుతుంది. మా చిన్నతనంలో ఊరిచివర ఒకామెకి ఆ పేరే వచ్చింది. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె ఇల్లు విప్పి, స్తంభాలు, పలకలు లెక్కగా ట్రాక్టరులో ఎక్కించి, అడవి అవతల దింపి వచ్చారు. అంతే.

మర్నాడు తెల్లవారి భిక్షువులు భిక్షకు వచ్చే దారిలో ఆడవాళ్ళు ఎప్పటిలా చాపలు పరుచుకుని అన్నంబుట్టలతో కూర్చున్నారు. లమ్దువన్ తన చోట కూర్చుంది. ఆమెకు అటు ఉన్న చాప జరిగింది, ఇటు ఉన్నదీ జరిగింది. భిక్షువుల వరస రాగానే ఆమె ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క ముద్ద వేసి, చేతులు జోడించి, చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరినీ ఒక్కమాట అడగలేదు. ఆ మౌనమే ఊరికి సాక్ష్యమైపోయింది.

సూత్ తాత గ్రామపెద్ద ఇంటి మెట్లమీద కూర్చుని కదల్లేదు. "నా కొడుకు పోయినప్పుడు దయ్యం ఏదో తెలీదన్నారు. ఇప్పుడు తెలిసింది కదా. ఇంకెవరి కొడుకు పోవాలి?" అన్నాడు. దయ్యాల్ని పట్టే గురువుకి కబురు వెళ్ళింది. వచ్చే పూజరోజు మధ్యాహ్నం వస్తానన్నాడు.

కంపున్‌కి ఒకరకంగా నిశ్చింత కలగాలి. కలగలేదు.

ఆ మధ్యలోనే ఒక ఉదయం లమ్దువన్ బుట్టలు పట్టుకుని పట్నం సంతకెళ్ళే బండి ఎక్కింది. ఆమె పక్కన ఎవరూ కూర్చోకపోవడం, బండి మలుపు తిరగడం కంపున్ తన గేటు దగ్గర్నుంచి చూశాడు. ఇవాళైనా నిద్రపోదాం, ఊళ్ళో లేదు కదా అనుకుని ధైర్యంగా పడుకున్నాడు. రొద వచ్చింది. మోకాలు ఎక్కింది. కళ్ళు మాత్రమే పైకి తిప్పి చూస్తే అదే పండిన జుట్టు, అవే బుగ్గలు.

లేచి కూర్చున్నాక అతనికి చెమటతో పాటు ఇంకో భయం పట్టింది. ఆమె కాదేమో! ఆమె కాకపోతే, ఇల్లు విప్పడానికి పలుగులు సిద్ధం చేస్తున్నది తన మాటమీదే.

బువలైతో అందామనుకున్నాడు. ఆమె చేతిలో తెల్లదారం ఉండ చూసి ఆగిపోయాడు. తోటలో అందామనుకున్నాడు. "అమ్మయ్యో, పోప్ అప్పుడే వాడి నోరు కట్టేసిందిరా" అంటారని తెలుసు. చెప్పకుండా ఉండిపోయాడు, పడుకోవడం మానేశాడు. పగలంతా పచ్చిమిరపకాయ నాలుక కింద పెట్టుకుని తిరిగాడు. నిద్రలేని చేతులతో గాటు పెడితే బెరడు దాటి చెక్కలోకి దిగింది కత్తి. అలా గాయపడ్డ చెట్టు మళ్ళీ ఆ పక్క పాలివ్వదు. మర్నాడు ఇంకో చెట్టు. ఆ మర్నాడు కత్తి జారి అరచేతిలోనే దిగింది. బువలై గుడ్డ కడుతూ ఏడ్చింది.

"ఇంకొక్క రోజు ఓర్చుకో. రేపు గురువు వస్తాడు. ఆవిణ్ణి పంపించేస్తారు. హాయిగా పడుకుందువుగాని."

కంపున్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

పూజరోజు ఉదయం ఊరంతా విహారం శాలలో చేరింది. భిక్షువుల భోజనాలయ్యాయి, దీవెనలయ్యాయి. మామూలుగా ఆ తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్తారు. ఆ రోజు ఎవరూ లేవలేదు. లమ్దువన్ భుజానికి తెల్లగుడ్డ వేసుకుని, ఖాళీ గిన్నెలు ముందు పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చుట్టూ నాపరాయి నేల ఖాళీగా మెరుస్తోంది.

గ్రామపెద్ద గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మధ్యాహ్నం ఆయన వస్తున్నాడు. నువ్వు ఇక్కడే ఉండాలి."

"ఉంటాను. నాకెక్కడ పుట్టిల్లుంది పారిపోవడానికి?" అంది లమ్దువన్.

కంపున్ లేచాడు.

"ఆమె కాదు."

"ఏది కాదు?" అన్నాడు పెద్ద.

"నా మీద ఎక్కింది ఆమె కాదు. మొన్నామధ్య అక్క సంతకి పోయింది. బండెక్కడం నేనే చూశాను. ఆ రోజూ వచ్చింది. ఇదే మొహం."

శాలంతా ఒక్కసారి గుసగుసలాడింది. సూత్ తాత నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు.

"ఒరే పిచ్చోడా! పోప్ బండెక్కి వస్తుందనుకున్నావా? ఒళ్ళు సంతలో వంకాయలు బేరమాడుతుంటే లోపలిది వచ్చి నీ పేగులు కొరుకుతుంది. నువ్వు చెప్పినదానితో ఇంకా రూఢి అయింది."

కొందరు తలలూపారు. కంపున్ ఇంత కూడగట్టుకుని చెప్పిన మాట ఆమె మెడకే ఉరైంది.

అప్పుడు లమ్దువన్ మొదటిసారి తల తిప్పింది. కంపున్‌వైపు కాదు, బువలైవైపు.

"నా బుట్ట ఏదే బువలై?"

"ఏం... ఏం బుట్ట?"

"వెదురు మొలకలు తెచ్చిన బుట్ట. మొలకలు కాల్చావని విన్నాను. పోనీ. వండుకోవడం చేతకాకపోతే కాల్చుకో. బుట్టేం పాపం చేసింది? అది మా అమ్మ అల్లింది."

బువలై నోరు తెరిచింది. "నువ్వు ఆ రోజు మా ఇంటికి వచ్చావా?"

"వచ్చాను. మెట్లదాకా వచ్చేసరికి మూలుగు వినపడింది. ఆ మూలుగు నాకు కొత్త కాదు. మా ఆయనకి పెళ్ళయిన కొత్తలోంచీ అదే మూలుగు. పరుగెత్తుకొచ్చి ఇతని కాలి బొటనవేలు పట్టి లాగాను. సేంగ్‌ని అలాగే లేపేదాన్ని. ఇతను కళ్ళు తెరిచి నన్ను చూసి, ప్రాణం పోయేట్టు అరిచాడు. నేను హడలిపోయి బుట్ట వదిలేసి పారిపోయాను."

కంపున్‌కి ఆ కుదుపు గుర్తొచ్చింది. ఎక్కడినుంచో వచ్చిందనుకున్న కుదుపు. అది కాళ్ళవైపునుంచే వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?" అన్నాడు పెద్ద.

"నన్నెవరడిగారు? చాపలు జరిపారు గానీ ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? పైగా మొగుడు పోయినదాన్ని, పరాయి మగాడు పడుకుంటే పోయి కాళ్ళు పట్టుకున్నానని నేనే చాటింపు వేసుకోనా?" లమ్దువన్ ముందున్న గిన్నెను పక్కకి నెట్టింది. "అది చంపేదైతే సేంగ్ పెళ్ళయిన ఏడే పోవాల్సింది. పాతికేళ్ళకు పైగా వచ్చిందది. ప్రతిసారీ లేచి అన్నం తినేవాడు. ఆయన పోయింది గుండె పాడై. పట్నం డాక్టరు ముందే చెప్పాడు. మా ఆయనే ఎవరికీ చెప్పొద్దన్నాడు, తోటలో పని ఇవ్వరని."

"నా కొడుకు గుండె బాగానే ఉంది" అన్నాడు సూత్ తాత.

లమ్దువన్ తల దించుకుంది.

"ఏదో కథ చెప్తుంది" అని వెనకనుంచి ఒక గొంతు. "గురువు వచ్చి తేలుస్తాడులే" అని ఇంకొకటి.

కంపున్ నేలమీద కూర్చున్నవాళ్ళను దాటుకుంటూ శాల మధ్యకు వచ్చాడు.

"నేను ఇక్కడే పడుకుంటాను. ఇప్పుడే. అందరూ చూస్తుండగా. అక్క నా దగ్గరే కూర్చుంటుంది. ఆమె కడుపులో పోప్ ఉంటే నన్ను ఇక్కడే తినేస్తుంది కదా. తినకపోతే ఆమెను వదిలెయ్యండి."

"నీకు మతి పోయిందా!" బువలై లేచి అతని చొక్కా పట్టుకుంది. "నొయ్ నాన్నా, కూర్చో. పందెం పెట్టడానికి నా మొగుడేమన్నా కోడిపుంజా?"

"నేను కూర్చోను" అంది లమ్దువన్ కూడా. "కూర్చుంటే పోయేది నా ఇల్లు. నువ్వు పడుకుని మళ్ళీ నా పేరు పెట్టి అరిస్తే ఇక గురువు కూడా అక్కర్లేదు, వీళ్ళే పలుగులు పట్టుకొస్తారు."

"అరవను అక్కా."

"అరవవని నీకేం తెలుసు?"

కంపున్ ఆలోచించాడు. "తెలీదు" అన్నాడు.

లమ్దువన్ అతన్ని చూసింది. లోపలికి పోయిన కళ్ళు, గుడ్డ చుట్టిన అరచెయ్యి, పెచ్చులూడిన ఎర్రరంగు గోళ్ళు. తర్వాత తన చాప తీసి అతని ముందు పరిచింది.

"వెల్లకిలా పడుకో. పక్కకి తిరిగితే రాదు. అది ఎక్కినప్పుడు ఛాతీతో పెనుగులాడకు, ఎంత పెనుగులాడితే అంత నొక్కుతుంది. ఊపిరి నెమ్మదిగా తీసుకో. కాలి బొటనవేలు ఎక్కడుందో వెతుక్కో. దాన్నొక్కదాన్నే కదుపు."

"ఆమె ముట్టుకోకూడదు" అన్నాడు సూత్ తాత. "ఎవరూ ముట్టుకోకూడదు."

అందరూ పెద్ద భిక్షువువైపు చూశారు. "నా ప్రవచనంలో ప్రతి పూజరోజూ సగంమంది పడుకుంటారు" అన్నాడాయన. "ఇవాళ ఒకడు చెప్పి పడుకుంటున్నాడు. పడుకోనివ్వండి."

ఎవరో కిసుక్కుమన్నారు గానీ ఆ నవ్వు నిలవలేదు.

కంపున్ వెల్లకిలా పడుకున్నాడు. నేల చల్లగా వీపుకి తగిలింది. పైన పంకా మెల్లగా తిరుగుతోంది. తలవైపు బువలై, కాళ్ళవైపు లమ్దువన్. అన్ని రోజులుగా నిద్రను తరిమినవాడు ఇప్పుడు రమ్మంటే, రాదేమో అనుకున్నాడు. కానీ నిద్రకు పంతాలుండవు. రెండు మూడు ఊపిరుల్లోనే ఒళ్ళు బరువెక్కి జారిపోయింది.

రొద వచ్చింది.

పంకా కనిపిస్తోంది. దూలం మీద పావురాలు కనిపిస్తున్నాయి. పెదవులు కదిపి చూశాడు, అవి అతనివి కావు. వచ్చేసిందని తెలిసింది. శాల అంచునుంచి నల్లగా ఏదో పాకినట్టు రావడం, జనం మధ్యనుంచే వస్తున్నా ఎవరూ చూడకపోవడం తెలుస్తోంది. ముందు ఒక మోకాలు. తర్వాత రెండోది. బరువు మొత్తం దిగింది. అది మెల్లగా తల వంచింది. పండిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు.

అరుపు కడుపులోంచి బయల్దేరి గొంతు దగ్గర ఆగింది. అక్కడే మూలుగైంది.

"మూలుగుతున్నాడు! లేపండి!" బువలై గొంతు ఎక్కడో బావి పైనుంచి వినిపించింది. "ఊపిరి ఆడట్లేదు, లేపండయ్యా!"

"ముట్టుకోవద్దన్నాను" అన్నాడు సూత్ తాత.

"ఆగవే." అది లమ్దువన్ గొంతు. "ఆగు. రానియ్యి."

ఆ గొంతు కాళ్ళవైపునుంచి వచ్చింది. కంపున్ కనుగుడ్లు మాత్రం కదిలాయి. ఛాతీమీద ఉన్న మొహం పక్కనుంచి కిందికి చూశాడు. అక్కడ లమ్దువన్ కూర్చుని ఉంది. భుజాన తెల్లగుడ్డ. ఒక చేతిలో విసనకర్ర, రెండో చెయ్యి నోటిమీద. ఆమె భయపడుతోంది. ఛాతీ మీదున్నదానికి భుజాన గుడ్డ లేదు, చేతిలో విసనకర్ర లేదు. దాని మొహంలో భయం కూడా లేదు. అసలు ఏమీ లేదు. తను తెచ్చి తగిలించిన మొహమే దానికుంది.

అప్పుడతను దాన్ని తొయ్యడం మానేశాడు. కూర్చోమన్నాడు, మనసులోనే. ఊపిరి కొద్దిగా వదిలాడు, కొద్దిగా పీల్చాడు. బరువు అలాగే ఉంది, కానీ ఊపిరి ఆడుతోంది. ఇన్నాళ్ళూ ఆడుతూనే ఉందేమో. బొటనవేలు ఎక్కడుంది? చాలా దూరంలో ఉంది, వేరే ఊళ్ళో ఉన్నట్టు. దారి వెతుక్కుంటూ పోయాడు. తొడ దాటి, మోకాలు దాటి, మడమ దాటి. దొరికింది. కదలమన్నాడు. కదలలేదు. మళ్ళీ అడిగాడు.

"వేలు!" అంది లమ్దువన్. "కదిలింది, చూడండి. వేలు కదిలింది!"

ముందువరస వాళ్ళు మోకాళ్ళమీద లేచి చూశారు. ఎడమకాలి బొటనవేలు ఒకసారి వంగింది. తర్వాత పాదం. ఆ తర్వాత కంపున్ గట్టిగా ఊపిరి తీసుకుని, ఒళ్ళు విదిల్చి, ఎవరి సాయమూ లేకుండా లేచి కూర్చున్నాడు. బువలై అతని మెడ కావలించుకుని ఏడుస్తూ వీపుమీద గుద్దింది.

"వచ్చిందా?" అన్నాడు సూత్ తాత. "ఎవరి మొహం?"

అబద్ధం చెబితే సరిపోయేది. శాలంతా అతని నోటివైపే చూస్తోంది. లమ్దువన్ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"ఆమెదే" అన్నాడు కంపున్.

జనం గగ్గోలెత్తారు. "చూశారా!" అని ఎవరో అరిచారు. కంపున్ చెయ్యెత్తి, గొంతు పెంచాడు. ఊళ్ళో అతను గొంతు పెంచడం ఎవరూ విని ఉండరు.

"ఆగండి! ఇద్దర్నీ చూశాను. ఒకరు ఛాతీ మీద, ఒకరు కాళ్ళ దగ్గర. కాళ్ళ దగ్గరున్నామె నాకంటే ఎక్కువ వణికింది. నా మీదున్నది ఎవరి మొహం కావాలంటే వాళ్ళ మొహం పెట్టుకుంటుంది. ఆ రోజు కళ్ళు తెరవగానే అక్కను చూశాను, అప్పట్నుంచీ అదే పెట్టుకుంది. అంతకుముందు ఏముందో చెప్పనా? మొట్టమొదటిసారి నా మీద ఎక్కింది మా చచ్చిపోయిన గేదె!"

"ఏదీ... ఆ కుంటి గేదా?" అన్నాడు పెద్ద నోరు తెరిచి.

"అదే. కొమ్ముతో సహా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. గేదెకి పోప్ పట్టిందా తాతా? రేపు కళ్ళు తెరిచేసరికి నువ్వెదురుగా ఉంటే, ఎల్లుండి నీ మొహంతో వస్తుంది. అప్పుడు నీ ఇల్లు విప్పమంటావా?"

ముందు ఒక్కరు నవ్వారు, ముసలావిడ ఎవరో. తర్వాత ఆ నవ్వు వరస వెంట పాకింది. రబ్బరు తోట బావలు కడుపులు పట్టుకున్నారు. "గేదె ఎక్కిందటరా! అందుకే గోళ్ళరంగు పనిచెయ్యలేదు!" చాలారోజులుగా ఊళ్ళో ఎవరూ అలా నవ్వలేదు.

ఆ నవ్వుల మధ్యనే ఒక తోట కుర్రాడు మెల్లగా అన్నాడు: "నాక్కూడా వస్తుంది. మా నాన్న మొహంతో." ఇంకొకడు చెయ్యెత్తాడు. "నాకు మొహముండదు. బరువొక్కటే." వాళ్ళ భార్యలు వాళ్ళవైపు తిరిగి చూశారు.

సూత్ తాత నవ్వలేదు. గోడకి చేరబడి కూర్చున్నాడు. "మరి నా పిల్లాడు ఎందుకు పోయాడు?" అన్నాడు, ఎవరినీ అడగకుండా. కంపున్ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని చెయ్యి మీద చెయ్యేశాడు. "తెలీదు తాతా" అన్నాడు. "నిజంగా తెలీదు." ముసలాయన ఆ చేతిని విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు.

గ్రామపెద్ద ఫోను తీసి శాల మెట్లమీదికి వెళ్ళాడు. "అయ్యా, బయల్దేరారా? వద్దులెండి. అవునండీ, పని లేదు. ఆఁ... గేదె సంగతి. కలిసినప్పుడు చెప్తాను."

లమ్దువన్ ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటోంది. బువలై ఆమె ఎదుట మోకాళ్ళమీద కూర్చుని చేతులు జోడించింది.

"అక్కా, తప్పైపోయింది."

"నాకు చెప్తే ఏం లాభం? నా గురించి నాకు తెలుసు. పచ్చడి దంచే ఆవిడకి చెప్పు. ఆ మాట ఎటు పోయిందో ఇదీ అటే పోతుంది."

"ఇప్పుడే పోతాను. బుట్ట... బుట్ట కాల్చలేదక్కా. భయమేసి కోళ్ళగూట్లో పడేశాను."

"కడిగి తెచ్చియ్యి."

బువలై నిజంగానే అప్పుడే లేచి వెళ్ళింది. జనం పలచబడ్డారు. శాలలో పంకా చప్పుడు మిగిలింది. కంపున్ తిరిగి చాప దగ్గరికి వచ్చాడు. కళ్ళు మూతలు పడిపోతున్నాయి, నిలబడే ఓపిక లేదు.

"అక్కా, ఇది నీ చాప..."

"సాయంత్రం తెచ్చిద్దువులే."

"ఇంకాసేపు కూర్చుంటావా? కాళ్ళ దగ్గర?"

లమ్దువన్ గిన్నెలు చంకన పెట్టుకుంది. ఆమె మొహంలో క్షమించినట్టు ఏమీ లేదు. కోపమూ లేదు.

"నాకు పనుల్లేవా? దారి తెలిసింది కదా, నువ్వే పోయి నువ్వే రా. పడుకో తమ్ముడూ."

ఆమె మెట్లు దిగి ఎండలోకి వెళ్ళింది. కంపున్ ఆమె కనుమరుగయ్యేదాకా చూడలేదు. వెల్లకిలా పడుకుని, అలాగే నిద్రపోయాడు.